బావ తినని హోటళ్ళ మీదుగా ట్రాయ్‌కి

జార్జియాలోని అల్ఫారెట్టా నుంచి మిషిగన్‌లోని ట్రాయ్‌కి విమానంలో రెండు గంటలు. కారులో పన్నెండు. మా సుధాకర్ బావతో, ఆయన తుపాకీతో కలిసి వెళ్తే ఎంతసేపు పడుతుందో ఇదివరకు ఎవరూ లెక్క కట్టలేదు. ఈ జూన్‌లో నేను కట్టాను. ఆ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

విమానం ఎందుకెక్కలేదని అడగొచ్చు. తుపాకీని పెట్టెలో పెట్టి, తాళం వేసి, కౌంటర్లో చెప్పి సామాన్లలో వేస్తే విమానంవాళ్ళు తీసుకెళ్తారు. "నా నడుము మీద ఉండాల్సింది ఎవరి సూట్‌కేసు కిందో ఎందుకుండాలి?" అని బావ విమానాలనే మానేశాడు. ఆరేళ్ళయింది.

సుధాకర్ బావ మా వసంతక్క భర్త. యాభై మూడేళ్ళు. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నడిరోడ్డు మీద నరమానవుడు లేకపోయినా ఎర్రదీపం దగ్గర ఆగే మనిషి. అమెరికా పౌరసత్వం వచ్చిన మూడో వారంలో పిస్తోలు కొన్నాడు, నాలుగో వారంలో మా కౌంటీ తుపాకీదారుల సంఘంలో చేరాడు. అక్కడ తెలుగువాడు ఆయనొక్కడే. తెలుగువాడు ఎక్కడ చేరినా చివరికి ఎక్సెల్ షీటు అతని చేతికే వస్తుంది కదా, అలాగే వచ్చింది. తలుపు మీద ఎర్ర గుండ్రంలో తుపాకీ బొమ్మ వేసి, దాని మీద అడ్డగీత కొట్టిన దుకాణాలూ హోటళ్ళూ అన్నీ ఆ షీటులో ఉంటాయి. మా తుపాకీ వద్దన్నవాళ్ళకి మా డబ్బూ వద్దు అన్నది సంఘం సిద్ధాంతం. పేరు, చిరునామా, వేళలు, వివరాలు అని గడులుంటాయి. చివరి గడి "మళ్ళీ వెళ్తారా?" అందులో రెండొందల పైచిలుకు వరసల్లోనూ ఒకటే జవాబు: వెళ్ళను.

ఈ షీటుకి మా ఇంట్లో వేరే వాడకం ఉంది. శనివారం బయట తినాలనిపిస్తే మా ఆవిడా నేనూ అది తెరిచి చూస్తాం. బావ అబద్ధం రాయడు. "వంట చాలా బాగుంటుందట. వెళ్ళరాదు" అని ఉంటే వెంటనే బయల్దేరతాం. ఇంతవరకు ఒక్క చెడ్డ భోజనం తగల్లేదు.

ప్రయాణం ఎందుకంటే, బావ కూతురు, మా మేనకోడలు మేఘన టిఫిన్ షాపు తెరుస్తోంది. అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళు, ట్రాయ్‌లో కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆ ఉద్యోగం వదిలేసి ఒక చిన్న షాపింగ్ ప్లాజాలో "పొద్దున్నే" అని పేరు పెట్టి పెసరట్లు వేస్తానంది. శనివారం పది గంటల నలభై రెండు నిమిషాలకి ముహూర్తం. బోణీ నాన్నే చెయ్యాలని ముందే చెప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు ఇంటి ముందు నిమ్మరసం బల్ల పెట్టుకుంటే బావ మొదటి గ్లాసు కొన్నాడట, గంటలో కూజా ఖాళీ అయిందట. అప్పట్నుంచీ నాన్న చెయ్యి మంచిదని ఆ పిల్ల నమ్మకం. నాన్న కొనేదాకా ఎవరికీ కాఫీ చుక్క కూడా అమ్మనంది.

వారం ముందే ట్రాయ్ వెళ్ళిన అక్క సోమవారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్ గిరీ, అమ్మాయి షాపు తలుపు మీద ఆ బొమ్మ పెట్టిందిరా."

"ఏ బొమ్మ?"

"మీ బావ బొమ్మ. ఎర్రది."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నాన్నకి చెప్పొద్దంది. చెప్తే బయల్దేరరు అంది. నువ్వే ఎలాగైనా దాన్ని ఇంట్లో పెట్టించి తీసుకురా."

"నేనా? ఆయన స్నానానికి వెళ్ళినా దాన్ని గుమ్మం దగ్గర పెట్టుకుంటాడక్కా!"

"మేనమామవి కాదూ, ఆ మాత్రం చెయ్యలేవా?" అని పెట్టేసింది.

శుక్రవారం పొద్దున ఆరూ యాభైకి బయల్దేరాం. పదిన్నరకి రాహుకాలం, ఆలోగా రాష్ట్రం దాటాలని బావ పట్టుదల. డిక్కీలో రెండు సూట్‌కేసులు, షాపు కోసం ఇత్తడి దీపపు కుందులు, మా ఆవిడ కలిపిచ్చిన పులిహోర స్టీలు డబ్బా, నేలకి బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు పెట్టె. తుపాకీ పెట్టుకోవడానికని బిగించిన ఆ పెట్టె ఎప్పుడూ ఖాళీయే. తుపాకీ బావ కుడి నడుము మీద, చొక్కా కింద ఉంటుంది. పిడి మీద వెలిసిపోయిన కుంకుమ బొట్టు ఉంటుంది. ఏటా దసరాకి ఆయుధపూజలో అక్క మిక్సీకి, కారుకి, బావ లాప్‌టాప్‌కి, తుపాకీకి వరసగా బొట్లు పెడుతుంది. ఆ రోజు దాన్ని పీట మీద నుంచి కదపకూడదని బావ నియమం. ఏడాదిలో ఆయన నడుము ఖాళీగా ఉండేది ఆ ఒక్కరోజే.

కారు ఐ-75 హైవే ఎక్కగానే నా మొదటి ఎత్తు వేశాను.

"బావా, మిషిగన్‌లో మన జార్జియా పర్మిట్ చెల్లదేమో. వెనక్కి వెళ్ళి ఇంట్లో పెట్టేసి వస్తే పోలా?"

బావ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అరలోంచి ప్లాస్టిక్ అట్ట వేయించిన కాగితం తీసి నా ఒళ్ళో పడేశాడు. "జార్జియా, టెనెసీ, కెంటకీ, ఒహాయో, మిషిగన్. ఐదూ ఓకే. చదువుకో."

చదివాను. బొమ్మ ఉన్న తలుపుల గురించి కూడా అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. కొన్నిచోట్ల ఆ తలుపు దాటితేనే నేరమట, కొన్నిచోట్ల బయటికి పొమ్మన్నాక పోకపోతే నేరమట.

"నాకు అదంతా అక్కర్లేదురా. బొమ్మ ఉంటే ఏ స్టేట్‌లోనైనా నేను గడప దాటను. వాళ్ళ షాపు వాళ్ళిష్టం. నా డబ్బు నా ఇష్టం," అన్నాడు.

మాట సరిగ్గానే ఉంది. ఆయనతో వచ్చిన చిక్కే అది.

తొమ్మిదీ పదికి చాటనూగా. ఎగ్జిట్ దిగగానే, తియ్యటి అట్లలాంటి పాన్‌కేకుల హోటలు, బయటికే వెన్న వాసన వస్తోంది. తలుపు మీద బొమ్మ. బావ జేబులోంచి ఒక కార్డు తీసి గుమ్మం దాకా వెళ్ళి, బూట్ల కొసలు గడపకి అంగుళం ఇవతల ఉండేలా నిలబడి, లోపలున్నామెకి చెయ్యి ఊపాడు. అరవయ్యేళ్ళ ఆవిడ, నడవలేక ఆగిపోయాడనుకుందో ఏమో, కంగారుగా బయటికొచ్చింది. బావ కొద్దిగా వంగి, రెండు చేతులతో, శుభలేఖ ఇచ్చినంత మర్యాదగా కార్డు ఇచ్చాడు. "మీ తలుపు మీద బొమ్మ చూశాను. మా తుపాకీలకి చోటు లేని చోట మా డబ్బుకీ చోటు లేదు. మీరు ఈ రోజు ఒక మంచి కస్టమర్ని పోగొట్టుకున్నారు" అని ఉంటుంది దాని మీద.

ఆవిడ పెదవులు కదుపుతూ చదివింది. "సరే నాయనా, ఇంతకీ టేబుల్ ఇద్దరికేనా?" అని అడిగింది.

"మేము తినడం లేదు, మేడమ్."

"దాన్ని కారులో పెట్టి రావచ్చుగా? పెకాన్ పప్పుల పాన్‌కేకులు ఇప్పుడే వేస్తున్నారు."

"కార్లలోంచే దొంగతనాలు జరుగుతాయి, మేడమ్. హ్యావ్ ఎ నైస్ డే."

కారులో బావ చెప్తుంటే నేను ఫోనులో షీటు నింపాను. సిబ్బంది మర్యాదస్తులు. పెకాన్ పాన్‌కేకులు ప్రత్యేకం. మళ్ళీ వెళ్తారా? వెళ్ళను. నాకు కడుపులో ఎలకలు పరిగెత్తుతున్నాయి. తిరిగొచ్చేటప్పుడు ఒంటరిగా ఉంటే ఆగాలని చిరునామా నా ఫోనులో వేరేగా రాసుకున్నాను.

పదకొండూ ఇరవైకి నాక్స్‌విల్. ఇక్కడ బావ ముఖం వికసించింది. కట్టెల పొయ్యి మీద మాంసం కాల్చే హోటలు, తలుపు మీద బొమ్మ లేకపోగా "చట్టబద్ధమైన తుపాకీలకు స్వాగతం" అని బోర్డు. లోపలికి వెళ్ళి బావ అలవాటు ప్రకారం తలుపు కనబడే కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. ఏ హోటల్లోనైనా, ఎవరింట్లోనైనా ఆయన అంతే. ఎదురుగా కూర్చున్నా ఆయన చూపు మన భుజం మీదుగా వెళ్ళి తలుపు మీద ఉంటుంది. మేమందరం ఆ చూపుకి ఎప్పుడో అలవాటు పడ్డాం.

మేమిద్దరం శాకాహారులం. వడ్డించే అమ్మాయిని బీన్స్ గురించి అడిగాను. పంది మాంసం వేసి ఉడికిస్తారట. ఆకుకూర? అందులోనూ వేస్తారు. మొక్కజొన్న రొట్టె? పెనానికి పంది కొవ్వు రాస్తారు. ఆ పిల్ల మా ముఖాలు చూసి నిజంగా బాధపడింది.

"ఐస్ టీలో ఏమీ లేదు సార్. ఒట్టు," అంది.

రెండు టీలు తాగి, టిప్పుతో తొమ్మిది డాలర్లిచ్చి బయటపడ్డాం. నాలుగు మైళ్ళ అవతల రెస్ట్ ఏరియాలో చెక్క బల్ల మీద పులిహోర డబ్బా తెరిచాం. ఆవపిండి ఘాటు ముక్కుకి తగలగానే నాకు జ్ఞానోదయమైంది. డిక్కీలో పులిహోర ఉన్నంతకాలం మనవాళ్ళు ప్రపంచంలో ఏ హోటల్‌నైనా బహిష్కరించగలరు. పాపం ఆ సంఘంలో మిగతా సభ్యులు ఎలా నెట్టుకొస్తున్నారో.

కెంటకీలో లండన్ అనే ఊరుంది. చూడ్డానికేమీ లేదు, పెట్రోలు చవక. ఒకటీ నలభైకి అక్కడ ఆగాం. పక్క పంపు దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన, పికప్ ట్రక్కు, అద్దానికి జింక కొమ్ముల స్టిక్కరు. బావ వంగినప్పుడు చొక్కా కింద ఉబ్బు చూసి, తన నడుము తట్టుకుని నవ్వాడు. కులం కలిసింది కదా అని బావ కబుర్లలో పడి ఉద్యమం గురించి చెప్పి కార్డు ఒకటి చూపించాడు. పెద్దాయన చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివాడు.

"నలభై ఏళ్ళుగా నా దగ్గర ఒకటుంటుంది బాబూ," అన్నాడు. "మా వంటింటి తలుపు మీద మా ఆవిడ ఆ బొమ్మే అంటించింది. మేకుకి తగిలించి లోపలికి వెళ్తాను. ఇన్నేళ్ళలో ఒక్క పూట తిండి మానలేదు."

ఇలాంటి సమయం మళ్ళీ రాదని నేను వెంటనే అందుకున్నాను. "చూశావా బావా?"

"అది ఇల్లురా," అన్నాడు బావ కారు తలుపు వేస్తూ. "ఇల్లూ గుడీ వేరు. అక్కడ మనం డబ్బులిచ్చి కొనం. నేను చెప్పేది బిజినెస్ గురించి."

"మరి మనవాళ్ళ బిజినెస్ అయితే?"

"రూల్ అంటే రూలే. మనవాళ్ళకో రూలు, పరాయివాళ్ళకో రూలు అంటే అది రూలెట్లా అవుతుంది?"

సిన్సినాటి దాకా నేను కొత్త ఎత్తు కోసం వెతుక్కున్నాను.

ఒహాయోలో ఫిండ్లే చేరేసరికి ఆరూ యాభై. మొదటి హోటలు కొత్తది, గది నూటపన్నెండు డాలర్లు, పొద్దున ఉప్మాలాంటిదేదో కూడా పెడతారని సమీక్షల్లో చూశాను. తలుపు మీద బొమ్మ. రోడ్డవతల రెండోది తొంభై నాలుగు. బొమ్మ లేదు, కిటికీకి గడియా లేదు. అందులోనే దిగాం. మిగిలిన పులిహోర, పెట్రోలు బంకులో కొన్న పెరుగు తిన్నాం. ఎనిమిది కాలేదు, బయట ఇంకా ఎండ ఉంది. బావ ఉన్న ఒక్క కుర్చీనీ తలుపుకి ఎదురుగా తిప్పుకుని కూర్చున్నాడు.

ఇక చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆయన సూట్‌కేసులోంచి పసుపు రాసిన కవరు తీశాడు. "బ్యాంకుకి వెళ్ళి కొత్త నోట్లు తెచ్చాన్రా. నూటపదహార్లు," అన్నాడు. ఒక వందా, ఒక పదీ, ఒక అయిదూ, ఒకటీ. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టాడు. "ఉద్యోగం మానేస్తానంటే నేను తిట్టాను దాన్ని. నాతో నెల మాట్లాడలేదు. మళ్ళీ అదే ఫోన్ చేసి, నాన్నా బోణీ మీదే అంది." చెప్తూ కవరు మళ్ళీ తెరిచి చూసుకున్నాడు.

ఆ కవరు చూశాక బొమ్మ సంగతి చెప్పలేకపోయాను. మాట మారుద్దామని, ఎప్పట్నుంచో అడగాలనుకున్నది అడిగాను. "బావా, ఎప్పుడూ తలుపు వైపే ఎందుకు కూర్చుంటావు?"

బావ కవరు మూసి పక్కన పెట్టాడు. "మాస్టర్స్ చేసేటప్పుడు ఫ్రెండు వాళ్ళ స్టోర్‌లో సాయం చేసేవాణ్ణి. ఒకరోజు తలుపుకి వీపు పెట్టి అర సర్దుతున్నా. తలుపు గంట మోగింది. తిరిగేసరికి ముఖం మీద గన్ ఉంది. ఉన్న డబ్బంతా ఇచ్చా, పోయాడు. ఏం కాలేదు." ముఖం తుడుచుకున్నాడు. "ఏం కాలేదులే. అప్పట్నుంచీ వీపు పెట్టలేను, అంతే. మీ అక్కకి కూడా పూర్తిగా చెప్పలేదు."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ గురించి ఇంట్లో జోకులేసినవాణ్ణి నేనే.

శనివారం ఎనిమిదీ పదికి బయల్దేరాం. తొమ్మిదిన్నరకి మిషిగన్‌లో ఉన్నాం. పదిన్నర దాకా రాహుకాలం కాబట్టి బావ కావాలనే నెమ్మదిగా నడిపాడు. నేను దారి పొడుగునా గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. పదీ ముప్ఫై నాలుగుకి ప్లాజాలో కారు ఆపాం.

షాపు ముందు ముప్ఫై మంది దాకా వరసలో ఉన్నారు. సగం మనవాళ్ళు, సగం మేఘన పాత ఆఫీసువాళ్ళు. తలుపుకి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, రెండు పక్కలా పసుపు కుంకుమ బొట్లు, స్వస్తిక్. మధ్యలో, సరిగ్గా కళ్ళెత్తులో, ఎర్ర గుండ్రం. కంచిపట్టు చీర మీద వంటింటి ఏప్రన్ కట్టుకుని మేఘన గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల అక్క హారతి పళ్ళెంతో, నా వైపు చంపేసేలా చూస్తోంది.

బావ నవ్వుతూ, కవరు చేత్తో పట్టుకుని, వరస పక్కనుంచి నడిచి వెళ్ళాడు. గడపకి అంగుళం ఇవతల ఆగిపోయాడు. ఎంత అలవాటంటే, కాళ్ళు ఆగాక గానీ ఆయనకి ఎందుకు ఆగాడో తెలిసినట్టు లేదు. బొమ్మని చూశాడు. కూతుర్ని చూశాడు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి కార్డుతో బయటికొచ్చింది.

"ఇవ్వండి నాన్నా," అంది మేఘన. "మేనేజర్ నేనే కదా."

బావ ఇవ్వలేదు. ఆ పిల్లే వేళ్ళ మధ్య నుంచి తీసుకుని చదివింది. "మంచి కస్టమర్‌ని పోగొట్టుకున్నారు. ఓకే. బట్ ఇది నా బోణీ కాదు నాన్నా. ఇది ఫస్ట్ ఇస్తే షాప్ ఎలా నడుస్తుంది?"

"నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మీరు వస్తారా?"

బావ చూపు మళ్ళీ బొమ్మ మీదికి వెళ్ళింది. "ఈ స్టిక్కరు దొంగని ఆపుతుందా?" అన్నాడు మెల్లగా.

"ఆపదు. ఐ నో. దొంగ కోసం కాదు నాన్నా. మీ కోసం పెట్టాను."

వరసలో వెనకున్నవాళ్ళు తొంగి చూశారు.

"నా బర్త్‌డే ఫొటోలు అన్నీ చూడండి. నేను కేక్ కట్ చేస్తున్నా. అమ్మ నన్ను చూస్తుంది. మీరు డోర్ చూస్తున్నారు. నాకు మీ సైడ్ ఫేసే తెలుసు నాన్నా." ఆ పిల్ల ఏప్రన్ ముడి బిగించుకుంది. "నాకూ డోర్ చూడటం వచ్చు. గన్‌తో ఎవరైనా స్కూల్‌కి వస్తే ఏం చేయాలో సెకండ్ గ్రేడ్‌లో డ్రిల్ చేయించేవాళ్ళు. లైట్స్ ఆఫ్ చేసి క్లాజెట్‌లో అందరం కూర్చుని డోర్ చూడాలి, సౌండ్ చేయకూడదు. ఐ వజ్ గుడ్ ఎట్ ఇట్. ఇది నా షాప్. ఇక్కడ ఎవరూ డోర్ చూస్తూ తినకూడదు."

మేనమామనై ఉండి, ఆ డ్రిల్ సంగతి నేనూ ఎప్పుడూ అడగలేదు.

వరసలో ముందున్న కుర్రాడు, మాస్టర్స్ చేస్తున్న తెలంగాణ అబ్బాయి, ఇబ్బందిగా కదిలాడు. "అంకుల్, జర బోణీ చెయ్యుండ్రి. పదకొండున్నరకి నాకు ల్యాబ్ ఉంది."

"పదకొండూ పదికి వర్జ్యం కూడా ఉందండీ," అంది వెనకాల ఒక ఆంటీ.

బావ కవరు జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. వచ్చిన దారినే, ఎవరి ముఖమూ చూడకుండా, కారు వైపు నడిచాడు.

"వెళ్ళిపోతున్నార్రా!" అంది అక్క. మేఘన కదల్లేదు. పెదవి కొరుక్కుంటూ అలాగే నిలబడింది. నేను పరిగెత్తలేకపోయాను. పరిగెత్తి ఏం చెప్పాలో తెలియలేదు.

డిక్కీ తెరుచుకుంది. చాలాసేపు వంగి ఉన్నాడు. తరవాత ఉక్కు పెట్టె మూత పడిన చప్పుడు ఆ ప్లాజా అంతా వినబడింది. తాళం లాగి చూశాడు, మళ్ళీ లాగి చూశాడు. తిరిగి వస్తున్నప్పుడు కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. ఒకసారి నడుము మీదికి పోతుంది, ఒకసారి జేబులోకి.

గుమ్మం ముందు ఆగి బూట్లు విప్పాడు. ఆయుధం దించాక బూట్లు కూడా దించడం ఆయనకి సహజంగా తోచినట్టుంది. ఎవరూ విప్పమనలేదు. అది చూసి వరసలో ఉన్న మేఘన పాత మేనేజరు, ఆరడుగుల తెల్లాయన, ఇదేదో ఆచారం అనుకుని తనూ విప్పాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళు. అయిదు నిమిషాల్లో గుమ్మం ముందు పద్నాలుగు జతలు చేరాయి. మేఘన ఏడుస్తూ నవ్వింది. "ప్లీజ్, షూస్ ఓకే! షూస్ ఓకే!" అంటే ఎవరూ వినలేదు.

పదీ యాభై ఒకటికి బావ నూటపదహార్లు రెండు చేతులతో ఇచ్చి, తొమ్మిది డాలర్ల పెసరట్టు కొన్నాడు. ముహూర్తం తొమ్మిది నిమిషాలు దాటింది గానీ వర్జ్యం రాలేదు కాబట్టి దోషం లేదని ఆంటీ తేల్చేసింది.

షాపులో ఎనిమిది బల్లలు. బావ అలవాటుగా గోడ పక్క కుర్చీ దాకా వెళ్ళాడు, తలుపు కనబడే కుర్చీ. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత బల్ల చుట్టూ తిరిగి ఇవతలి కుర్చీలో, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. అందులో ఉన్న బరువు అక్కడున్న నలభై మందిలో నాకొక్కడికే తెలుసు.

ఎదురుగా మేఘన వచ్చి కూర్చుంది. తలుపుకి కట్టిన గంట మనుషులు వచ్చినప్పుడల్లా మోగుతోంది. మోగినప్పుడల్లా బావ భుజాలు బిగుసుకున్నాయి, మెడ సగం తిరిగింది. ప్రతిసారీ మళ్ళీ ముందుకి తిప్పుకున్నాడు. పదకొండుసార్లు మోగింది, నేను లెక్కపెట్టాను. చివరి రెండుసార్లూ తిరగలేదు. కూతురు అల్లం పచ్చడి గురించి ఏదో అడుగుతుంటే ఆమె ముఖంలోకి చూస్తూ జవాబు చెప్తున్నాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి తిరుగుప్రయాణం. అక్క ఇంకో వారం ఉంటానంది. బావ తుపాకీ మళ్ళీ నడుము మీదికి చేరింది. ఆయన మారిపోయాడని రాస్తే పాఠకులకి బాగుంటుంది గానీ, అది అబద్ధం. మధ్యాహ్నం లెక్సింగ్టన్ దగ్గర బొమ్మ లేని హోటల్లో ఉడికించిన బంగాళదుంపలు తింటున్నప్పుడు మళ్ళీ తలుపుకి ఎదురుగానే కూర్చున్నాడు.

"నిన్న కూర్చున్నావుగా బావా?"

"అది అమ్మాయి షాపు," అన్నాడు, నా భుజం మీదుగా తలుపు చూస్తూ.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది రెండే మాటలు. పెట్రోలు కెంటకీలో పోయించుకోండి. పులిహోరలో నిమ్మకాయ కాకుండా చింతపండే వాడండి, రెండో రోజుకి కూడా ఉంటుంది. తుపాకీ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఇది వర్తిస్తుంది.

టెనెసీలోకి దిగాక బావ షీటు తెరవమన్నాడు.

"రాయి. పేరు పొద్దున్నే. ట్రాయ్, మిషిగన్. వేళలు పొద్దున ఏడు నుంచి రెండు. సోమవారం సెలవు. తలుపు మీద బొమ్మ ఉంది."

"బావా, కూతురి షాపుని కూడా ఎక్కిస్తావా?"

"రూలురా," అన్నాడు. "వివరాల్లో రాయి. పెసరట్టు చాలా బాగుంటుంది. అల్లం పచ్చడి ఇంట్లోలా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ ఇలాంటిది ఈ దేశంలో నేను తాగలేదు. యజమానురాలు మర్యాదస్తురాలు. వెళ్ళరాదు."

రాశాను. మా కౌంటీలో సగం మంది నాలాగే ఆ షీటు చూసి భోంచేస్తారని ఆయనకి చెప్పలేదు. చివరి గడి మిగిలింది. మళ్ళీ వెళ్తారా?

"వెళ్ళను అని పెట్టనా?" అన్నాను.

నాక్స్‌విల్ వచ్చింది, పోయింది. చాటనూగాకి పదిమైళ్ళుందనగా బావ గొంతు సవరించుకున్నాడు.

"దసరాకి అని పెట్టు. ఆ రోజు దాన్ని పీట మీద నుంచి కదపకూడదు కదా. ఎటూ నా దగ్గర ఉండదు."

పెట్టాను. రెండొందల పైచిలుకు వరసల్లో ఆ ఒక్క గడిలోనే వేరే మాట ఉంది.

"దసరాకి ఇంకా ఎన్నాళ్ళుందిరా?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలా!" అన్నాడు. పాన్‌కేకుల హోటలు ఎగ్జిట్ దాటిపోయింది. "వినాయక చవితికి పిల్లల పుస్తకాలు పూజలో పెడతాం కదా. ఆయుధాలు పెట్టకూడదని ఎక్కడైనా రాసుందంటావా?"

"నాకు తెలిసి ఎక్కడా లేదు బావా."

"మరి వరలక్ష్మీ వ్రతానికి?"

"దానికీ లేదు."

బావ నన్ను ఫోనులో పంచాంగం తెరిచి తొలి ఏకాదశి ఎప్పుడొచ్చిందో చూడమన్నాడు.